లైటు వద్దన్న సైకిలు

కొత్త సైకిలు చక్రాల కింద షాపాయన రెండు నిమ్మకాయలు పెట్టాడు. హ్యాండిలుకు నల్లదారం కట్టాడు. ఆయన సాయిబు. నిమ్మకాయలు మా ఆచారం, దారం వాళ్ళ దర్గా నుంచి తెచ్చినది. అనంతపురంలో కొత్త బండికి రెండూ ఉండాల్సిందే, ఒకటి మరిచిపోయినా ఇంకొకటి చూసుకుంటుందని. నేను ఎక్కబోతుంటే ఆయనే ఆపాడు.

"లైటు మరిచిపోయినాం సార్. బ్యాటరీది వేయమంటారా, డైనమోదా?"

"లైటు వద్దప్పా."

"ఏమి సార్, యూనివర్సిటీ పక్క దారంతా చీకటి కదా. వేసుకోండి, అక్కరకొస్తాది."

"పొద్దు గూకకముందే ఇంట్లో ఉంటా. వద్దు."

ఆయన మళ్ళీ అడిగాడు. నేను కసురుకున్నాను. నాకు కోపం ముక్కు మీదే ఉంటుంది. ఆయన మొహం చిన్నబుచ్చుకుని పక్కకు జరిగాడు. నిమ్మకాయలు చితికిన చప్పుడు వింటూ రోడ్డు మీదికి వచ్చాను.

లైటు వల్ల నాకు ఒరిగేదేమీ లేదని ఆయనకెలా చెప్పను? నాకు రేచీకటి. పొద్దు గూకితే ఇతరులకు మునిమాపు, నాకు కన్ను పొడుచుకున్నా కానరాని చీకటి. పగలు కూడా ఎదురుగా ఉన్నదే కనిపిస్తుంది, పక్కలు లేవు. గోనెసంచి మూతిని ఏడాదికింత బిగించి లాగుతున్నట్టు చూపు దగ్గరికొచ్చేస్తోంది. సైకిలు కొనే ముందు నాకు మోటారు సైకిలు ఉండేది. ఒక సాయంత్రం రోడ్డు పక్కన ఆపి ఉన్న శెనక్కాయల ట్రాక్టరు ట్రాలీకి దాన్ని తీసుకుపోయి గుద్దాను. ట్రాలీ మీద కూర్చున్న కూలీ, "ఏమప్పా, తాగినావా?" అన్నాడు. అవునన్నాను. తాగుబోతు అనిపించుకోవడమే మేలనిపించింది. నాది యూనివర్సిటీలో ఏడాదికోసారి కొత్తగా రాసిచ్చే కాంట్రాక్టు ఉద్యోగం. పాఠం చెప్పేవాడికి కళ్ళు పోతున్నాయని తెలిస్తే ఎవరు రాసిస్తారు?

మా ఊరు బెళుగుప్ప పక్కన. చిన్నప్పుడు ఎండాకాలం అందరం మిద్దె మీద పడుకునేవాళ్ళం. అవ్వ చుక్కలు చూపించేది. అదిగో గొల్లకావడి, అదిగో పిల్లలకోడి అని వేలు పెట్టి చెప్పేది. నేనూ ఊఁ కొట్టేవాణ్ణి. దేవుళ్ళలాగే చుక్కలు కూడా పెద్దవాళ్ళు చెబితే నమ్మాల్సినవి అనుకున్నాను. అవి నిజంగా కనిపిస్తాయని హైస్కూల్లో తోటిపిల్లలు చెబితే తెలిసింది. అప్పుడు కూడా నన్ను ఆటపట్టిస్తున్నారనే అనుకున్నాను.

మా నాయనకూ ఇదే. దీపాలు పెట్టే వేళకు గడప దాటేవాడు కాదు. దానికి మా పక్క మందు ఒకటే, మేక కార్జం. నిప్పుల మీద కాల్చి, కారిన నీళ్ళు కళ్ళకు రాసి, ముక్కలు తినిపిస్తారు. కరువు రోజుల్లో తిండి చాలక కళ్ళు మసకేసిన వాళ్ళకు అది పని చేసిందేమో. మా నాయన ఎన్ని మేకల కార్జాలు తిన్నాడో దేవుడికే తెలియాలి. చివరికి పట్టపగలు గోడ పట్టుకుని నడిచాడు. నాకూ తినిపించారు.

ట్రాలీని గుద్దిన తర్వాత కంటి ఆసుపత్రికి పోయాను. డాక్టరమ్మ చాలాసేపు చూసి, కంటి వెనక పొర ఎండిపోతోందని చెప్పింది. ఎండిపోవడం అన్న మాట మాకు కొత్త కాదు. బోర్లు ఎండుతాయి, చేను ఎండుతుంది. కానీ ఆ మాట కంటికి కూడా వాడతారని అనుకోలేదు.

"మీ అమ్మానాన్నలది మేనరికమా?" అంది.

"అవును మేడమ్."

"మీది?"

"అక్క కూతుర్నే చేసుకున్నాను."

ఆమె పెన్ను కింద పెట్టేసింది. తర్వాత, "పిల్లలెంతమంది?" అంది. ఒక పాప అన్నాను. "పాపను తీసుకురండి. పరీక్ష చేద్దాం. మీకు వచ్చింది ఆమెకూ ఉండొచ్చు" అంది.

మా వాళ్ళు మేనరికాలు ఎందుకు చేస్తారో నాకు తెలియనిది కాదు. వానను నమ్మలేని చోట మనుషులనైనా తెలిసిన వాళ్ళను నమ్ముకుందామనే ఆశ. పొలం చీలదు, పిల్ల కంటి ముందే ఉంటుంది, అత్త అమ్మమ్మే అవుతుంది. అంతా మంచికే. ఆ మంచి తరతరాలుగా మా కళ్ళలోకి దిగుతోందని ఎవరూ చెప్పలేదు. ఎవరి మీద కోపపడాలో తెలియక ఆ రోజు అందరి మీదా కోపపడ్డాను. చనిపోయిన నాయన మీద కూడా.

పాపను పరీక్షకు తీసుకుపోదామంటే మా అక్క, అంటే నా భార్య తల్లి, కళ్యాణదుర్గం నుంచి బస్సెక్కి వచ్చింది.

"ఆడపిల్లరా అది. కండ్ల ఆసుపత్రి గడప ఎక్కించినావంటే పేరు పడతాది. పాపకేమైంది, బంగారట్లా ఉండాది. నీకుంటే నీకుండాది. నోరు మూసుకోని ఉండు."

నా భార్య తల వంచుకుని బియ్యంలో రాళ్ళు ఏరుతోంది. "నువ్వేమంటావు?" అన్నాను. "అమ్మ చెప్పింది కదా మామా" అంది. నేను పోట్లాడాను, పళ్ళేలు విసిరేశాను. కానీ లోపల ఎక్కడో హమ్మయ్య అనుకున్నానన్నది కూడా నిజమే. పరీక్ష చేయించకపోతే ఆ మాట వినాల్సిన పని లేదు. పాప కళ్ళు బాగున్నాయా లేదా అన్న ఒక్క ప్రశ్న చుట్టూనే అప్పటి నుంచి నా బతుకు తిరిగింది. అన్నం కలుపుతూ అదే, పాఠం చెబుతూ అదే.

మేముండేది యూనివర్సిటీ వెనక గేటు అవతల కొత్తగా లేచిన కాలనీలో. గేటు నుంచి మా ఇంటి దాకా మట్టిదారి, రెండు పక్కలా కంప చెట్లు. కార్లు రావు. మేకలు, స్టూడెంట్లు, అప్పుడప్పుడూ నీళ్ళ ట్యాంకరు. పొద్దున ఎండ ఏటవాలుగా పడుతున్నప్పుడు ఆ ఎర్రమట్టి మీద కొత్త టైర్ల గుర్తులు పడుతుంటే నాకు సంతోషంగానే ఉండేది. ఆషాఢం గాలికి ఎదురు తొక్కితే నిలబడిన చోటే నిలబడి తొక్కినట్టుండేది. ముళ్ళు సరేసరి. పంక్చరు కాని వారం లేదు.

డిపార్టుమెంటులో వాళ్ళకు మాత్రం నా సైకిలు పెద్ద కాలక్షేపమైంది. ఒకాయన, పొట్ట తగ్గించడానికా అని నా పొట్ట తడిమాడు. ఇంకొకాయన, పర్యావరణానికి మీలాంటివాళ్ళే దిక్కు అని పొగిడాడు. పెట్రోలు ధరకు భయపడినాడు సారు అని పిల్లలు వెనక నవ్వుకునేవాళ్ళు. కందకు లేని దురద కత్తిపీటకెందుకు అని పైకే అన్నాను ఒకసారి. అయినా ఆ మాటలన్నీ నాకు అడ్డుగోడలే. అసలు సంగతి వాటి వెనక భద్రంగా ఉండేది.

దసరా సెలవుల తర్వాత హెడ్డు నా క్లాసును చివరి పీరియడ్‌కు మార్చాడు. కాదంటే ఎందుకని అడుగుతాడు. అడిగితే చెప్పాలి. తలూపి వచ్చేశాను. పాప బడి యూనివర్సిటీ ముందు గేటు దగ్గరే. బడి వదలగానే వచ్చి మా డిపార్టుమెంటు మెట్ల మీద కూర్చుని హోంవర్కు చేసుకునేది. నా క్లాసు అయ్యాక వెనక క్యారియరు మీద ఎక్కించుకుని ఇంటికి పోయేవాణ్ణి. కార్తీకం వచ్చేసరికి పొద్దు కురచబడింది. వెనక గేటు చేరేసరికే నాకు దారి మాయమయ్యేది.

మొదటి రోజు గేటు దగ్గరే దిగేశాను. తోసుకుంటూ నడుద్దామని.

"ఏమి నాయనా, దిగినావు?"

"కాళ్ళు నొప్పిగా ఉన్నాయిమ్మా."

అది క్యారియరు మీద సర్దుకుని కూర్చుంది. తర్వాత, "నువ్వు తొక్కు నాయనా. నేను చెప్తా కదా. కుడికి పోవాలంటే కుడి పక్క గిల్లుతా, ఎడమకి పోవాలంటే ఎడమ పక్క" అంది. దానికి నా సంగతి ఎప్పుడు తెలిసిందో నాకు తెలియదు. నేను చెప్పలేదు. పిల్లలకు మనం దాచేవే ముందు తెలుస్తాయి.

తొక్కాను. నడుం కుడి పక్క చిన్న వేళ్ళు గిల్లాయి. తిప్పాను. ఎడమ పక్క గిల్లాయి. తిప్పాను. "మేకలు వస్తాండాయి, నిదానం" అంది. ఆగాను. మేకలు నా కాళ్ళు రాసుకుంటూ పోయాయి. "ఎవరో నడిచొస్తాండారు, పక్కకు రా" అంది. వచ్చాను. ఎద్దును తోలినట్టు నన్ను తోలుకుని ఇంటి గేటు ముందు ఆపింది.

ఆ సాయంత్రం నేను పొందిన సంతోషం అంతకు ముందు పొందలేదు, ఇక పొందను. పాపకు కనిపిస్తోంది. నాకు ఏమీ కనిపించని వేళలో దానికి మేకలు కనిపిస్తున్నాయి, మనుషులు కనిపిస్తున్నారు, మలుపులు కనిపిస్తున్నాయి. ఇంతకన్నా పరీక్ష ఏముంటుంది? ఏ డాక్టరు చేయగలదు? వంటింట్లోకి పోయి నా భార్యతో, "పాప కండ్లు బాగుండాయి. మనమే ఉత్తపుణ్యానికి భయపడినాం" అన్నాను. ఆమె స్టవ్వు వైపు తిరిగి ఉంది. "మంచిది మామా" అంది.

అప్పటి నుంచి ఆ ప్రయాణం కోసం పొద్దున్నుంచీ ఎదురుచూసేవాణ్ణి. కావాలనే ఆలస్యం చేసి, బాగా చీకటి పడనిచ్చి బయలుదేరిన రోజులున్నాయి. రోజూ ఆ దారిలో పరీక్ష పాసవుతున్నది పాప. ప్రతి గిల్లుడూ నాకొక మార్కు. ఇల్లు చేరగానే రోజూ అదే మాట నా భార్యకు చెప్పేవాణ్ణి, పాప కండ్లు బాగుండాయని. ఆమె రోజూ మంచిది అనేది.

ఒకరోజు పొద్దున పాపకు జ్వరంగా ఉందని నేనొక్కణ్ణే పోయి, మధ్యాహ్నమే సెలవు పెట్టి వచ్చేశాను. మరుసటి రోజు జ్వరం తగ్గిన పాపను నా భార్య పెద్ద రోడ్డు మీదుగా ఆటోలో బడికి పంపింది. నేనూ దానితోపాటు ఆటోలోనే పోయాను. సైకిలు ముందు రోజు డిపార్టుమెంటు దగ్గరే పంక్చరై ఉండిపోయింది. సాయంత్రానికి వాచ్‌మన్ బాగు చేయించి పెట్టాడు. అంటే ఆ రోజు పొద్దున మట్టిదారిని మా ఇద్దరిలో ఎవరమూ చూడలేదు.

సాయంత్రం మామూలుగానే బయలుదేరాం. గేటు దాటాం. కుడి పక్క గిల్లింది, తిప్పాను. బర్రెల కొట్టం వాసన వచ్చింది, పోయింది. ఎడమ పక్క గిల్లింది, తిప్పాను. "ఇంక తిన్నగా నాయనా, గట్టిగా తొక్కు" అంది. ఆ ముక్కలో ఎప్పుడూ గట్టిగానే తొక్కేవాళ్ళం. తొక్కాను.

ముందు మొహానికి ముళ్ళు తగిలాయి. తర్వాత చక్రం కింద నేల లేదు.

కాలనీకి మంచినీళ్ళ పైపు వేయడానికి ఆ పొద్దున్నే జేసీబీతో గుంత తవ్వారట. ఎన్నేళ్ళుగానో అడుగుతుంటే వచ్చిన పైపు. నేను గుంతలో పడ్డాను, సైకిలు నా మీద పడింది, పాప నా పక్కన పచ్చిమట్టిలో పడింది. దాని ఏడుపు వినిపించింది. తడిమాను. చేతికి దాని మొహం తగిలింది, పెదవి దగ్గర తడిగా ఉంది.

హాస్టలు పిల్లలు ముగ్గురు నలుగురు వెనక నడిచి వస్తున్నారు. పరిగెత్తుకొచ్చి మమ్మల్ని పైకి లాగారు.

"ఏం సార్, చూసుకోలేదా? కంప అడ్డం వేసి, ఇంత ఎర్రగుడ్డ కట్టినారు కదా. ఆడ మలుపు కాడికే కనిపిస్తాంది."

మలుపు దగ్గరికే కనిపిస్తోందట. ఎర్రగుడ్డ. పిల్లలు సైకిలును పైకి తీసే పనిలో ఉన్నారు. నేను పాపను పక్కకు తీసుకుని కూర్చున్నాను.

"ఎర్రగుడ్డ కనిపించలేదామ్మా నీకు?"

"ఈడ రోజూ ఏమీ ఉండదు కదా నాయనా" అంది వెక్కుతూ. "నల్లగుండేటప్పుడు ఎట్లా కనిపిస్తాది?"

"మరి రోజూ ఎట్లా చెప్తాండావు?"

"గేటు కాడ చక్రం ఎగిరి పడతాది కదా, అప్పుడు కుడికి. ఎనుముల కొట్టం వాసన పోయినంక ఎడమకి. నీళ్ళ ప్లాంటు మోటరు సప్పుడు పక్కకొస్తే మన ఇల్లు." తప్పు లెక్క చేసినందుకు టీచరుకు జవాబు చెబుతున్నట్టు చెప్పింది. "అందరూ అట్లే కదా నాయనా పోయేది?"

అది ఇన్నాళ్ళూ చెప్పినవన్నీ గుర్తొచ్చాయి. మేకలు, మెడల్లో గంటలతో. మనుషులు, చెప్పుల చప్పుడుతో. చప్పుడు చేయనిది ఒక్కటి కూడా అది నాకు చెప్పలేదు. నేనూ అలాగే పోతాను. ఆ వాసన, ఆ మోటరు, గేటు దగ్గర ఆ గతుకు, అన్నీ నాకూ కొండగుర్తులే. గుడ్డి కన్నా మెల్ల మేలని దాని చేతికి పగ్గాలిచ్చాను. అది నా వెనక కూర్చుని నేను నడిచినట్టే నడుస్తోందని తెలుసుకోలేకపోయాను.

లేపి నిలబెట్టి మొహం తుడుస్తుంటే నా చొక్కా పట్టుకుంది.

"నాయనా, అవ్వకు చెప్పొద్దు. మళ్ళా కార్జం తినమంటాది."

"మళ్ళా ఏమిటి?"

"కళ్యాణదుర్గం పోయినప్పుడంతా తినిపిస్తాది కదా. కరెంటు పోయినప్పుడు మిద్దె మెట్ల మీద తడుముకుంటి, అప్పటినుంచి. కండ్లకు కూడా రాస్తాది. మంట పుడతాది నాయనా. నీకు చెప్పొద్దన్నారు."

"ఎవరు?"

"అవ్వ. అమ్మ."

ఒక పిల్లవాడు వంకరపోయిన సైకిలును తోసుకుంటూ ముందు నడిచాడు. దాని చక్రం రాసుకుంటున్న చప్పుడు వెంట మేమిద్దరం చెయ్యీ చెయ్యీ పట్టుకుని నడిచాం. ఎవరు ఎవరిని నడిపిస్తున్నారో చెప్పలేను.

ఇంటి గేటు దగ్గర బల్బు వెలుగులో నా భార్య నిలబడి ఉంది. పాప పెదవి చూసింది, నా మోకాలు చూసింది, వంకర చక్రం చూసింది. యాడ పడినారని అడగలేదు. పాపను లోపలికి తీసుకుపోయి, మొహం కడిగి, పసుపు అద్ది, పాలు తాగించి పడుకోబెట్టింది. నేను అరవడానికి మాటలు కూడగట్టుకుంటూ వరండాలో కూర్చున్నాను. బయటికొచ్చి నా పక్కన కూర్చుంది.

"నీకు తెలుసా?" అన్నాను.

"తెలుసు."

"మరి రోజూ మంచిది, మంచిది అంటివి కదా."

చాలాసేపు చీరకొంగును వేలికి చుట్టుకుంటూ ఉంది. నా అక్క కూతురు. నా కళ్ళ ముందే పుట్టి పెరిగిన పిల్ల.

"ఆ మాట చెప్పేటప్పుడు నీ మొహం ఎట్లుండేదో నువ్వు చూసుకోలేదు మామా" అంది. "ఇంట్లో ఒకరికన్నా తెలీకుండా ఉండనీ అనుకున్యా."

అరవలేదు. నాకు ఏడుపొచ్చింది, ఏడ్చాను. ఆమె కూడా ఏడ్చింది. పాపకు వినిపించకూడదని ఇద్దరం నోటికి గుడ్డ అడ్డం పెట్టుకున్నాం.

పరీక్షకు తీసుకుపోయాం. ఈసారి మా అక్క అడ్డం చెప్పలేదు. మా వెంటే వచ్చి ఆసుపత్రి బెంచీ మీద పాప చెప్పులు ఒళ్ళో పెట్టుకుని కూర్చుంది. డాక్టరమ్మ ఏం చెబుతుందో మాకు ముందే తెలుసు. ఆమె చెప్పింది. మెల్లగా వస్తుంది, ఇంకా టైముంది, బాగా చదివించండి అంది. తిరిగొచ్చే బస్సులో మా అక్క కిటికీ వైపు తిరిగి, "నేనే కదరా నా బిడ్డను నీకిచ్చింది" అంది.

నా సంగతి హెడ్డుకు చెప్పేశాను. క్లాసు పొద్దున పూటకు మార్చాడు. వచ్చే ఏడాది రాసిస్తాడో లేదో చూడాలి.

సైకిలును బాగు చేయించడానికి అదే షాపుకు తీసుకుపోయాను. సెలవు రోజు, పాప కూడా వచ్చింది. ఆయన వంకర తీసి, చక్రం తిప్పి చూసి, చెయిను బిగించాడు. నల్లదారం తెగిపోయి ఉంటే ఏమీ అడగకుండా కొత్తది కట్టాడు.

"లైటు కూడా వేయప్పా" అన్నాను. "ముందొకటి, వెనకొకటి. బాగా వెలుగొచ్చేది."

ఆయన తలెత్తి చూశాడు. నేను కసురుకున్నది ఆయనకు గుర్తుంది.

"ఇప్పుడు చీకట్లో తిరుగుతాండారా సార్?"

"తొక్కం. దిగి నడుస్తాం."

"నడిచేదానికి లైటెందుకు సార్?"

పాప సీటు మీద చెయ్యి వేసి నిలబడి ఉంది. నాకన్నా ముందు అదే చెప్పింది.

"మాకు కనిపించేదానికి కాదన్నా. ఎదురొచ్చేవాళ్ళకు మేం కనిపించాల కదా."